శిక్ష, శిక్షణ: పక్షివేట కుక్కల శిక్షణ గ్రంథాలలో పనిముట్లు, పరిభాష

వ్యాస సంగ్రహం

పద్నాలుగో శతాబ్ది నుండి పందొమ్మిదో శతాబ్ది చివరి వరకు ఫ్రాన్సు, ఇంగ్లండు, అమెరికా దేశాలలో వెలువడిన వేట గ్రంథాలలో పక్షివేట కుక్కకు పని నేర్పే విధానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కుక్క ఏమి చేయాలన్నది వేటగాని చేతిలోని సాధనం నిర్ణయించింది. వల ఉన్నప్పుడు ఒక భంగిమ, తుపాకి వచ్చాక మరొక భంగిమ అవసరమయ్యాయి. ఆ పనిని కుక్క చేత ఎలా చేయించాలన్న ప్రశ్నకు మాత్రం దండన, మాలిమి అనే రెండు సమాధానాలు తొలినుండీ పక్కపక్కనే నడిచాయి. ఈ ద్వంద్వం ఇంగ్లీషులో ‘బ్రేకింగ్’, ‘ట్రెయినింగ్’ అన్న పదాల వివాదంగాను, తెలుగులో ‘శిక్ష’, ‘శిక్షణ’ అన్న పదాల అర్థభేదంగాను కనిపిస్తుంది.

కీలక పదాలు: పక్షివేట, సెట్టర్, పాయింటర్, బారుతాడు, ముళ్ళపట్టీ, మాలిమి, శిక్ష, శిక్షణ.

1. ఉపోద్ఘాతం

వేటకుక్కలన్నింటి పనీ ఒకటి కాదు. పందినో జింకనో తరిమే జాగిలానికి వేగం, పట్టుదల, తెగువ ఉంటే చాలు. దాని సహజ ప్రవృత్తి, యజమాని కోరే పని ఒకే దిశలో సాగుతాయి. పక్షివేట కుక్క స్థితి దీనికి భిన్నం. కౌజుపిట్ట వాసన తగిలిన కుక్క దాని మీదికి దూకాలనుకుంటుంది. అది దూకితే పిట్ట ఎగిరిపోతుంది, వేట చెడుతుంది. కాబట్టి వాసన పట్టాలన్న ఆరాటం నిండుగా ఉండాలి, అదే ఆరాటం చివరి అడుగు దగ్గర ఆగిపోవాలి. పైగా ఇదంతా యజమానికి ఎంతో దూరంలో, పలుమార్లు అతని కంటికి కనపడని పొదల చాటున జరగాలి.

ఇక్కడే శిక్షకునికి అసలు చిక్కు ఎదురవుతుంది. కోరికను అదుపు చేయకపోతే కుక్క పనికిరాదు. అదుపు మితిమీరి కోరికే చచ్చిపోయినా పనికిరాదు. పక్షివేట కుక్కల శిక్షణ గ్రంథాలన్నీ ఈ రెండు ప్రమాదాల మధ్య దారి వెతికిన ప్రయత్నాలే. అందువల్ల అవి వేట చరిత్రకే పరిమితం కాని ఆధారాలు. బోధన, దండన అనే రెంటి సంబంధాన్ని ఒక సమాజం ఎలా ఊహించిందో చెప్పే వ్రాతలుగా కూడ వాటిని చదవవచ్చు.

2. భారతీయ, తెలుగు నేపథ్యం

వేటను శాస్త్రంగా చెప్పే సంప్రదాయం మన దేశంలో ప్రాచీనమైనదే. పశ్చిమ చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు పన్నెండో శతాబ్ది పూర్వార్ధంలో రచించిన ‘మానసోల్లాసం’ రాజవినోదాలలో సారమేయ వినోదాన్ని, శ్యేన వినోదాన్ని వేరువేరుగా వర్ణించింది. కుక్క ఒక వినోదానికి, డేగ మరొక వినోదానికి చెందాయి. కుమావూను పాలకుడు రుద్రదేవుని ‘శ్యైనిక శాస్త్రం’ డేగవేటకే ప్రత్యేకించిన సంస్కృత గ్రంథం. హరప్రసాద శాస్త్రి సంపాదకత్వంలో అది 1910లో కలకత్తాలో అచ్చయింది.

తెలుగు ప్రబంధాలలో వేట వర్ణన దాదాపు ఒక నియమంగా స్థిరపడింది. పెద్దన ‘మనుచరిత్ర’లో స్వరోచి వేట, ధూర్జటి ‘శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం’లో తిన్నని వేట ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. వేటకుక్కలు ఈ వర్ణనలలో ఉత్సాహంగా కనిపిస్తాయి, కాని ముఖ్యంగా మృగాల వేటలోనే. పిట్టలను పట్టడానికి ఈ నేల మీద వాడుకలో ఉన్నవి డేగ, వల, ఉచ్చు, జిగురు, దీమం. దీమం అంటే మచ్చిక చేసిన ఎరపిట్ట. దాని కూతకు అడవి పిట్టలు చేరువవుతాయి. అంటే పిట్టను చూపే పని ఇక్కడ మరొక పిట్టకు అప్పగించారు. ఐరోపాలో అదే పని కుక్కకు దక్కింది. పక్షి జాడ చూపి నిలిచే కుక్క కోసం ప్రత్యేకమైన శిక్షణ వాఙ్మయం పెరిగిన చోటు కూడ అదే కనుక, పరిశీలనను అక్కడికి మళ్ళించవలసి ఉంది.

3. వలకాలం: పడుకునే కుక్క

ఫ్వా ప్రాంతపు ప్రభువు గాస్టన్ ఫీబస్ 1387లో ‘లివ్ర్ ద షాస్’ అనే వేట గ్రంథాన్ని ప్రారంభించాడు. మృగాల వేటకు పెద్దపీట వేసిన ఆ గ్రంథంలో పక్షివేట కుక్కకూ చోటు ఉంది. ఈ జాతి స్పెయిను నుండి వచ్చినందున దానికి ఆ దేశం పేరే వచ్చిందని ఆయన చెప్పాడు. నేటి ‘స్పానియల్’ అన్న మాటకు మూలం ఇదే. ఈ కుక్క డేగతో కలిసి పనిచేస్తుంది. నేల మీద పడుకోవడం నేర్పితే కౌజులను, పూరేళ్ళను వలతో పట్టడానికి ఉపకరిస్తుంది. యజమానిని ప్రేమిస్తుంది, కాని మొరుగుబోతు, తగవులమారి. పదిహేనో శతాబ్ది తొలి సంవత్సరాలలో యార్క్ ప్రభువు ఎడ్వర్డ్ ఈ గ్రంథంలో అధిక భాగాన్ని ‘ది మాస్టర్ ఆఫ్ గేమ్’ పేరుతో ఇంగ్లీషు చేశాడు.

పడుకోవడం ఎందుకన్న ప్రశ్నకు జాన్ కీస్ రచనలో స్పష్టమైన సమాధానం దొరుకుతుంది. కేంబ్రిడ్జికి చెందిన ఈ వైద్యుడు ప్రకృతి శాస్త్రజ్ఞుడు కొన్రాడ్ గెస్నర్ కోసం బ్రిటిష్ కుక్కల గురించి లాటిన్‌లో వ్రాసిన చిన్న గ్రంథం 1570లో వెలువడింది. అబ్రహాం ఫ్లెమింగ్ చేసిన దాని ఇంగ్లీషు అనువాదం 1576లో వచ్చింది. కీస్ ‘ఇండెక్స్’ అని పిలిచిన కుక్క అడుగుల చప్పుడు గాని, నోటి చప్పుడు గాని చేయదు. పిట్ట జాడ తెలిసిన వెంటనే ఆగి, పొట్టను నేలకు ఆనించి, పురుగువలె పాకుతూ ముందుకు పోతుంది. చోటు దగ్గరపడ్డాక పంజాతో సూచిస్తుంది. అప్పుడు వేటగాడు వల పరుస్తాడు. అతని సైగతో కుక్క లేవగా, బెదిరి ఎగిరిన పిట్టలు వలలో చిక్కుకుంటాయి. వల కుక్క మీదుగా పోవలసి ఉంటుంది కాబట్టి అది నేలకు అంటుకొని ఉండాలి. సెట్టర్ జాతి పేరులోని ‘సెట్’ ఈ పడుకునే భంగిమనే తెలుపుతుంది. లాటిన్‌లో చూపుడువేలుకూ ‘ఇండెక్స్’ అనే పేరు. ఆ పేరు మొదట నిలబడి చూపే పాయింటర్‌కు గాక, పడుకొని చూపే కుక్కకు దక్కడం గమనించదగినది.

ఈ కుక్కకు పని నేర్పే పద్ధతిని వివరంగా చెప్పినవాడు జర్వేస్ మార్కమ్. 1621లో వెలువడిన ఆయన ‘హంగర్స్ ప్రివెన్షన్’ పక్షులను పట్టే విద్యలకు సంబంధించిన గ్రంథం. పిల్లగా ఉన్నప్పుడే చేరదీయడం, యజమాని మీద ప్రేమను, దానితో పాటు భయాన్నీ కలిగించడం, ఆజ్ఞ వినగానే పడుకోవడం నేర్పడం, చెప్పినట్టు చేసినప్పుడు తినడానికి ఏదైనా ఇవ్వడం, పొలంలోకి తీసుకుపోయినప్పుడు తాడుతో అదుపు చేయడం ఆయన బోధనలో ముఖ్యాంశాలు. ప్రేమ, భయం ఒకే వాక్యంలో పక్కపక్కన నిలవడం గమనార్హం. తరువాతి మూడు శతాబ్దాలలో వేరువేరు పక్షాలుగా విడిపోయే రెండు ధోరణులు మార్కమ్ దగ్గర ఇంకా ఒకే మనిషి చేతిలో ఉన్నాయి.

4. తుపాకి వచ్చాక: నిలబడే కుక్క

ఎగిరే పిట్టను కాల్చడం ఇంగ్లండులో పదిహేడో శతాబ్ది ఉత్తరార్ధం నుండి వ్యాపించింది. 1727 నాటికి ఈ విద్య మీద అబ్రహాం మార్క్‌లండ్ ‘టెరిప్లీజియా’ అనే పద్యకావ్యమే వెలువరించాడు. తుపాకితో కుక్క పని మారింది. వల మీదుగా పోవలసిన అవసరం లేనందున అది పడుకోనక్కరలేదు. పొదల నడుమ వేటగానికి కనపడేటట్టు నిలబడి ఉండటమే మేలు. స్పెయిను వారసత్వ యుద్ధంలో పాల్గొని 1713 తరువాత తిరిగివచ్చిన సైనికులు పాయింటర్‌ను ఇంగ్లండుకు తెచ్చారన్న అభిప్రాయం ప్రచారంలో ఉంది. 1725 నాటికి కింగ్‌స్టన్ ప్రభువు పాయింటర్లను పీటర్ టిల్లెమాన్స్ చిత్రించాడు.

తుపాకి తెచ్చిన మరొక మార్పు ఆజ్ఞల పదకోశంలో కనిపిస్తుంది. అప్పటి తుపాకికి గొట్టం మూతి నుండే మందు పోయాలి. తరువాత అడ్డు దూర్చాలి, రవ్వలు వేయాలి, మళ్ళీ అడ్డు పెట్టి చువ్వతో దట్టించాలి. ఇంతసేపూ కుక్క కదిలితే మిగిలిన పిట్టలు ఎగిరిపోతాయి. కాబట్టి తుపాకి మోగగానే కుక్క నేలమీద పడుకొని, మందు దట్టించడం పూర్తయ్యేవరకు లేవకూడదు. దీనికి పెట్టిన ఆజ్ఞ ‘డౌన్ చార్జ్’. చార్జ్ అంటే ఇక్కడ మందు దట్టించడం. 1851 లండను మహాప్రదర్శనలో ఫ్రెంచి తుపాకుల తయారీదారు లెఫొషో వెనుకనుండి తూటా పెట్టే తుపాకిని ప్రదర్శించాడు. తరువాతి దశాబ్దాలలో ఆ తరహా తుపాకులు వ్యాపించి మందు దట్టించే పని పోయినా ఆజ్ఞ పోలేదు. అమెరికా వేటగాళ్ళ నోట అది ‘చార్జ్’ అని కుదించుకొని, పడుకోమనే అర్థంలోనే నిలిచింది. వస్తువు మాయమైనా దాని నీడ మాటలో మిగిలిపోవడానికి ఇది చక్కని ఉదాహరణ.

5. పనిముట్లు, వాటి పనితీరు

పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాల శిక్షకుల చేతిలోని పనిముట్లు నాలుగైదుకు మించవు. వాటి వెనుకనున్న ఆలోచనలను వేరుచేసి చూడాలి.

మొదటిది బారుతాడు. కుక్క మెడపట్టీకి కట్టి వెనుక నేల మీద ఈడ్చుకుపోనిచ్చే పొడవైన, తేలికైన తాడు ఇది. పిట్ట జాడ తగిలిన కుక్క ముందుకు దూకబోతే శిక్షకుడు తాడును తొక్కుతాడు, లేదా పట్టుకుంటాడు. అదే క్షణంలో ఆజ్ఞ వినిపిస్తాడు. మాట, ఆపు ఒకేసారి తగిలితేనే కుక్క రెంటినీ ముడిపెట్టుకుంటుంది. ఆలస్యమైతే దేనికి ఆపారో దానికి తెలియదు. అలవాటు కుదిరేకొద్దీ తాడు పొడవును తగ్గిస్తారు, చివరకు తీసివేస్తారు. తాడు లేకపోయినా ఉన్నట్టే కుక్క నడుచుకోవడం ఇందులోని లక్ష్యం.

రెండవది ముళ్ళపట్టీ. తోలుపట్టీకి లోపలివైపు మేకుమొనలు ఉంటాయి. తాడు లాగినప్పుడు అవి మెడకు గుచ్చుకుంటాయి. బారుతాడు ఆపుతుంది, ముళ్ళపట్టీ బాధిస్తుంది. రెండూ మెడకే కట్టినా ఒకటి హద్దును నేర్పితే మరొకటి నొప్పిని నేర్పుతుంది.

మూడవది దవడ కింద బిగించే కొయ్యపుల్ల. ఇంగ్లీషులో దీనిని ‘పజిల్ పెగ్’ అన్నారు. కొన్ని కుక్కలు తల దించి పిట్ట నడిచిన అడుగుజాడల వెంట పోయి, తెలియకుండానే దాన్ని లేపేస్తాయి. తల ఎత్తి గాలిలో వచ్చే వాసన పట్టే కుక్క దూరంనుండే ఆగగలదు. ముక్కుకంటె ముందుకు పొడుచుకువచ్చిన ఈ పుల్ల తలను నేలకు దించనీయదు.

నాలుగవవి ఈల, చేతి సైగ. మనిషి గొంతు వినపడితే కౌజులు పారిపోతాయి కాబట్టి పొలంలో మౌనం అవసరం. గాలికి ఎదురుగా, దుక్కిలో సాళ్ళు తీసినట్టు ఈ అంచు నుండి ఆ అంచుకు కుక్కను నడపడం చేతి సైగతో సాగాలి. నొప్పితో ఏమాత్రం సంబంధం లేని పనిముట్లు ఇవి. కుక్క తనంతట తాను యజమాని వైపు చూడాలనుకుంటేనే ఇవి పనిచేస్తాయి.

కొరడా ఈ జాబితాలో చివరిదైనా వాడుకలో అన్నిటికంటె ముందుండేది. వేటకాలానికి కొద్ది వారాల ముందు కుక్కలను జీతగాళ్ళకు అప్పగించి, కొట్టి దారికి తెప్పించే ఆచారాన్ని ‘బ్రేకింగ్’ అన్న మాట సూచిస్తుంది. గుర్రపు పొగరు అణచడానికి వాడే పదమే ఇది.

6. హచిన్సన్: ముందు అర్థం కావాలి

ఈ ఆచారాన్ని ఎదిరించిన గ్రంథం సైనికాధికారి డబ్ల్యు. ఎన్. హచిన్సన్ 1848లో వెలువరించిన ‘డాగ్ బ్రేకింగ్’. పేరులో పాతమాటే ఉన్నా లోపలి బోధన కొత్తది. శిక్షకునికి మొదట కావలసినవి ఓర్పు, కోపనిగ్రహం అని ఆయన మతం. చెప్పిన మాట కుక్కకు అర్థమైందని తేలకముందు దండించడం అన్యాయమే కాక నిష్ఫలం కూడ.

హచిన్సన్ చేసిన ముఖ్యమైన మార్పు పాఠాన్ని పొలం నుండి ఇంటికి తేవడం. పొలంలో పిట్ట వాసన కుక్కను ఉద్రేకపరుస్తుంది. ఆ స్థితిలో దానికి మాట తలకెక్కదు. అందువల్ల తొలి పాఠాలు ఇంటి వద్దనే సాగాలి. రొట్టెముక్క విసిరి, కుడిచేయి ఎత్తి ‘టోహో’ అంటే ఆగాలి. అనుమతి దొరికాకనే తినాలి. ఈ పాఠంలో రొట్టెముక్క పిట్టకు ప్రతినిధి. కోరిక వస్తువు ఎదురుగా ఉన్నప్పుడు ఆగడం, ఆగినందుకు అదే దక్కడం అనే క్రమం కుక్క మనసులో స్థిరపడుతుంది. పిస్తోలు చప్పుడును భోజనానికి ముందు వినిపిస్తే కాల్పు శబ్దానికి బెదరడం తప్పుతుంది. ఎదిరిన శబ్దమే ఆహ్వానమవుతుంది.

దండన హద్దు ఎక్కడన్నది ‘బ్లింకింగ్’ అనే దోషం విషయంలో తేటతెల్లమవుతుంది. పిట్టను తరిమినందుకు తీవ్రంగా దెబ్బలు తిన్న కుక్క, పిట్ట వాసనను దెబ్బలతో ముడిపెట్టుకుంటుంది. ఆ తరువాత వాసన తగిలినా తగలనట్టు పక్కకు తొలగిపోతుంది. పిట్ట ఉన్న చోటు దానికి తెలుసు. తెలిసీ చూపదు. బయటికి చూస్తే అది తరమడం మానిన విధేయమైన కుక్క, నిజానికి పనికి పూర్తిగా పోయిన కుక్క. భయం కుక్క ప్రవర్తనను మార్చగలదు గాని ఏ అంశాన్ని మారుస్తుందో ఎంచుకోలేదని ఈ దోషం నిరూపిస్తుంది. కొట్టినవాడు ‘తరమవద్దు’ అని చెప్పాననుకున్నాడు. కుక్క ‘పిట్ట దగ్గరకు పోవద్దు’ అని విన్నది.

7. హామండ్: పేరులోనే వివాదం

హచిన్సన్ ఆలోచనను చివరిదాకా తీసుకుపోయినవాడు అమెరికన్ రచయిత ఎస్. టి. హామండ్. 1882లో వెలువడిన ఆయన గ్రంథం ‘ప్రాక్టికల్ డాగ్ ట్రెయినింగ్’కు ఉపశీర్షిక ‘ట్రెయినింగ్ వర్సెస్ బ్రేకింగ్’. హచిన్సన్ ఉంచుకున్న పాతమాటను హామండ్ ప్రత్యర్థిగా నిలబెట్టాడు. పసికూనగా ఉన్నప్పుడే చిన్న పాఠాలు మొదలుపెట్టడం, చెప్పినట్టు చేసినప్పుడు మాంసపు ముక్క ఇవ్వడం, కొరడాకు, ముళ్ళపట్టీకి బదులు అలవాటును నమ్ముకోవడం ఆయన పద్ధతి. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లులు, కుక్కలు, కోడిపిల్లల మీద జరిపిన ప్రయోగాలను ‘యానిమల్ ఇంటెలిజెన్స్’ పేరుతో ప్రచురించింది 1898లో. ప్రతిఫలం దొరికిన చేష్ట స్థిరపడుతుందన్న సూత్రం ప్రయోగశాల కంటె పదహారేళ్ళు ముందుగా వేటగాళ్ళ పుస్తకంలో ఆచరణ రూపంలో ఉంది.

అయితే ఈ చరిత్రను దండన నుండి మాలిమికి సాగిన తిన్నని బాటగా భావించడం పొరపాటు. పడిన పిట్టను తెచ్చి చేతికి ఇవ్వడం నేర్పే విషయంలో అమెరికాలో ఆ దశాబ్దాలలోనే బలవంతపు పద్ధతి శాస్త్రరూపం పొందింది. బి. వాటర్స్ 1895లో ప్రచురించిన ‘ఫెచ్ అండ్ క్యారీ’ సహజ పద్ధతిని, బలవంతపు పద్ధతిని రెంటినీ వివరించింది. ఆటగా నేర్చిన కుక్క అలసినప్పుడు, విసుగెత్తినప్పుడు తేవడం మానవచ్చు, నిర్బంధంగా నేర్చిన కుక్క దానిని విధిగా భావిస్తుంది అన్నది బలవంతపు పద్ధతి పక్షం వాదం. ఈ వాదంలో కొంత అనుభవం ఉంది. వేటకు ఒక్కరోజు ఆట సరిపోదు, నమ్మకం కావాలి. కాని నమ్మకాన్ని భయం మాత్రమే ఇవ్వగలదా అన్న ప్రశ్నకు ఆ వాదంలో జవాబు లేదు.

1865 ఏప్రిల్ 18న బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని సౌత్‌హిల్‌లో తొలి క్షేత్రపోటీ జరిగింది. 1874లో అమెరికాలోని మెంఫిస్ వద్ద అటువంటి పోటీయే మొదలయింది. నలుగురి ఎదుట కుక్క పనిని కొలవడం ఆరంభమయ్యాక రెండు పక్షాలకూ సమాన రంగస్థలం ఏర్పడింది. ఎంత కచ్చితంగా ఆగిందన్నది న్యాయనిర్ణేతకు కనిపిస్తుంది. ఎలా ఆగడం నేర్చిందన్నది కనిపించదు.

ఇరవయ్యో శతాబ్దిలో పనిముట్లు మారినా చీలిక మారలేదు. 1876లో ఫ్రాన్సిస్ గాల్టన్ రూపొందించిన, మనిషి చెవికి అందని ధ్వనినిచ్చే ఈల ఆధారంగా 1935లో ఇంగ్లండులో కుక్కల ఈల మార్కెట్టుకు వచ్చింది. అది చేతి సైగ వారసత్వం. 1960ల చివర అమెరికాలో వ్యాపించిన విద్యుత్ పట్టీ ముళ్ళపట్టీ వారసత్వం. తాడు పొడవును అది మైళ్ళకు పెంచింది. 2006లో జర్మనీ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం దాని వాడకాన్ని తప్పుపట్టింది. 2010లో వేల్స్ దానిని నిషేధించింది.

8. శిక్ష, శిక్షణ, మరపడం

ఇంగ్లీషులో రెండు పదాలుగా విడిపోయిన ఈ వివాదం తెలుగులో ఒకే ధాతువు కడుపులో ఉంది. సంస్కృతంలో ‘శిక్ష’ నేర్చుకోవడం, నేర్పడం. వేదాంగాలలో మొదటిదైన శిక్ష వర్ణోచ్చారణ విద్య. తెలుగు వాడుకలో ‘శిక్ష’ దండన అయింది. నేర్పడమనే అర్థాన్ని ‘శిక్షణ’ నిలుపుకుంది. నేర్పడంలో కొట్టడం ఎంతగా కలిసిపోయిందో ఈ అర్థపరిణామమే చెబుతుంది. బడిలో పంతులు చేతి బెత్తాన్ని ఎరిగిన సమాజానికి ఇది విడ్డూరం అనిపించదు.

అయితే తెలుగులో మరొక పదకుటుంబం ఉంది. అలవాటుపడటం ‘మరగడం’. ఒకదానికి అలవాటైన పిల్లిని ‘రుచి మరిగిన పిల్లి’ అంటారు. కోడెను కాడికి అలవాటు చేయడాన్ని రైతులు ‘మరపడం’ అంటారు. మచ్చిక, మాలిమి పదాలు చేరువను, నమ్మకాన్ని సూచిస్తాయి. ఉర్దూ మార్గాన వచ్చిన ‘తర్ఫీదు’ వృత్తి నైపుణ్యానికి చెందినది. ఈ పదాలలో వేటిలోనూ దెబ్బ లేదు. హామండ్ మాంసపు ముక్కతో చేసిన పని, తెలుగు రైతు మాటల్లో చెప్పాలంటే, కుక్కను పనికి మరపడమే. జంతువులతో మెలగిన వృత్తుల భాష, బడి నుండి వచ్చిన భాష కంటె ఈ విషయంలో మృదువుగా ఉండటం తెలుగు పదచరిత్ర పరిశోధకులు పట్టించుకోవలసిన అంశం.

9. ముగింపు

పక్షివేట కుక్క చరిత్రలో వల భంగిమను, తుపాకి ఆజ్ఞను నిర్ణయించాయి. కుక్క మనసును గెలిచే మార్గాన్ని మాత్రం ఏ సాధనమూ నిర్ణయించలేదు. మార్కమ్ 1621లో తినుబండారంతో నేర్పమన్నాడు. ముళ్ళపట్టీ ఆ తరువాత కూడ శతాబ్దాల పాటు నిలిచింది. హామండ్ గ్రంథం వెలువడిన పదమూడేళ్ళకు వచ్చిన వాటర్స్ గ్రంథంలో బలవంతపు పద్ధతికి సహజ పద్ధతితో సమానమైన చోటు దక్కింది. ప్రతి తరమూ ఈ ఎంపికను కొత్తగా చేసుకోవలసి వచ్చింది.

భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ తరువాత ఈ వేటకు చోటు లేదు. కౌజును చూపే కుక్కతో నేటి తెలుగు పాఠకునికి పనిలేదు. ఆ కుక్క గురించి వ్రాసిన గ్రంథాలతో పని ఉంది. దెబ్బలు తిని పిట్టను చూసీ చూడనట్టు తప్పుకుపోయే కుక్కను గురించి హచిన్సన్ చేసిన హెచ్చరిక, నేర్పేవారందరికీ వర్తిస్తుంది. తప్పును మాన్పించే తొందరలో నేర్చుకోవాలన్న ఆసక్తినే మాన్పించిన చోట, శిక్ష మిగులుతుంది గాని శిక్షణ మిగలదు.